నృసింహాకృతి – మానవలక్షణ విచారము

మానవుడనగా నెవడు అను ప్రశ్న దర్శనములంత ప్రాచీనమైనది. ఇటీవల జీవశాస్త్రము, వైద్యము, గణనయంత్రములు దానిని మరల మన ముందు నిలిపినవి. మానవునకును మృగమునకును నడుమ, మానవునకును యంత్రమునకును నడుమ స్థిరములని తలచిన హద్దులు సడలుచున్నవి. ఈ విచారమునకు పాశ్చాత్య గ్రంథములే శరణ్యములు కావు. కోనసీమయందును, తెలుగు వాఙ్మయమునందును ఇందులకు తగిన సామగ్రి కలదు.

వసిష్ఠ గోదావరి కడలిలో గలియు చోట, పూర్వపు రాజోలు తాలూకాలో, అంతర్వేది క్షేత్రమున్నది. నేల, నది, సముద్రము కలిసికొను ఆ తావున వెలసిన దైవము లక్ష్మీనృసింహుడు. అచటి ఐతిహ్యము ననుసరించి, పుట్టలోని విగ్రహముపై పాలు గురిసి దాని ఉనికిని సూచించినది ఒక గోవు. ఆ జాడ పట్టి లోకమునకు తెలిపినవాడు కేశవదాసను పశుల కాపరి. నరమృగముల సంధిరూపమైన దేవుని కనుగొనుటలో నరునకును పశువునకును పాలు కల్పించిన ఈ కథ గమనింపదగినది.

హిరణ్యకశిపుడు కోరిన వరమును తార్కికదృష్టితో చూచినచో అదియొక వర్గీకరణము. నరుడు మృగము, పగలు రాత్రి, లోపల వెలుపల, నేల నింగి అను జంటలుగా లోకమునంతయు విభజించి, ఏ భాగమునుండియు తనకు చావు రాకుండ అతడు కట్టుదిట్టము చేసికొనెను. నృసింహుడు ఆ వరమును భంగపఱుపలేదు, అక్షరాల పాటించెను. సంధ్యవేళ, గడపపై, తన తొడలమీద, గోళ్లతో రాక్షసుని సంహరించెను. ఓడిపోయినది వరము కాదు. జగత్తు సమస్తము ఆ జంటలలో ఇమిడినదను నమ్మకము.

మన తార్కికులు లక్షణమునకు అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము అని మూడు దోషములు చెప్పిరి. చేరవలసినవానిలో కొన్నింటిని విడుచుట అవ్యాప్తి. చేరదగనివానిని చేర్చుట అతివ్యాప్తి. రెండుకాళ్ల ప్రాణి మానవుడన్నచో పక్షియందు అతివ్యాప్తి కలుగును. వివేచించువాడు మానవుడన్నచో పసిబిడ్డయందు, స్పృహ దప్పిన రోగియందు అవ్యాప్తి కలుగును. భాషించువాడన్నచో మూగవాడు వెలుపల నిలుచును. తెలుగున సైతము ప్రశ్నకు బదులు చెప్పు నేటి యంత్రము లోపలికి వచ్చును.

శాస్త్రజ్ఞులకును ఈ చిక్కు తప్పలేదు. స్వీడను దేశీయుడగు లిన్నేయసు 1735లో ప్రకటించిన ప్రకృతివర్గీకరణమున మానవుని జంతుకోటిలోనే చేర్చెను. అయితే మానవుని చెంత, లక్షణమునకు బదులు, ఆత్మజ్ఞానమును బోధించు ప్రాచీన హితవాక్యమును మాత్రమే వ్రాసెను. 1871లో డార్విను మానవోత్పత్తిని గూర్చిన గ్రంథమున మానవునకును ఇతర జంతువులకును మనశ్శక్తులలో గల భేదము పరిమాణమునకు సంబంధించినదే గాని జాతికి సంబంధించినది కాదని వాదించెను. 2010లో వెలువడిన పరిశోధన, అంతరించిన నియాండర్తలు జాతి వారసత్వము ఆఫ్రికాకు వెలుపలి నేటి జనులలో 1 నుండి 4 శాతము వఱకు కలదని అంచనా వేసెను. 2022 జనవరిలో అమెరికాలోని మేరీలాండు విశ్వవిద్యాలయ వైద్యులు, జన్యువులు మార్చిన పంది గుండెను ఒక రోగికి అమర్చిరి. అతడు దాదాపు రెండు నెలలు జీవించెను. ఆ రెండు నెలలును అతడు సంపూర్ణ మానవుడు కాడని ఎవరును అనలేదు. కావున మానవత్వము అవయవమున లేదని ఒప్పుకొనక తప్పదు.

కళ ఈ సత్యమును వేఱొక తెఱగున అనుభవమునకు తెచ్చును. తంజావూరు సీమలోని మెలట్టూరున తెలుగు భాగవతమేళ సంప్రదాయము నేటికిని నిలిచియున్నది. అచట నృసింహజయంతి సందర్భమున మెలట్టూరు వేంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాదచరిత్రమును ప్రదర్శింతురు. నృసింహపాత్రధారి తొడుగుకొను సింహముఖము ఆలయమున పూజలందుకొనునది. పాత్రధారి ఉపవాసముండి దానిని ధరించును. ఆవేశము కలిగినపుడు తోడివారు అతనిని పట్టి నిలుపుదురు. ఆ క్షణమున అతడు నటుడా, మృగమా, దైవమా యను ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము లేదు. అయినను అతనిని పట్టుకొన్న చేతులు అతనికిని ప్రేక్షకులకును హాని కలుగకుండ కాపాడుచునే యున్నవి. ఆతడెవడో తేలకున్నను అతని యెడల కర్తవ్యము తేలియున్నది.

ఈ విచారము కేవలము కుతూహలమునకు కాదనుటకు మన సాహిత్యమే సాక్షి. గుఱ్ఱము జాషువ 1941లో వెలువరించిన గబ్బిలము కావ్యమున, అస్పృశ్యుడగు నాయకుడు శివునకు తన గోడు విన్నవింప ఒక గబ్బిలమును పంపును. పక్షియో మృగమో యని లోకము సందేహించు ఆ ప్రాణికి గుడిలో తావు కలదు. మనుష్యుడని సందేహము లేని వానికి లేదు. 1911లో కోనసీమలోని మామిడికుదురున జన్మించిన బోయి భీమన్న పాలేరు నాటకమున, గుడిసెలు కాలిపోతున్నాయి కావ్యమున ఈ బాధనే వినిపించెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దు చేసెను. అయినను సమస్య ముగియలేదు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాకు అంబేద్కరు పేరు చేర్పబూనగా, మే 24న అమలాపురమున నిరసన హింసగా మాఱి ఇండ్లు దగ్ధమైనవి. తరువాత ఆ పేరే స్థిరపడినది.

తర్కమున అవ్యాప్తి, అతివ్యాప్తి రెండును సమానదోషములు. ఆచరణమున అవి సమానములు కావు. మానవలక్షణమున అవ్యాప్తి కలిగినపుడు వెలుపల నిలిచినవాడు గుడిని, బడిని, నీటిని, ఒక్కొక్కచో ప్రాణమును కోల్పోవును. అతివ్యాప్తిచే ఒక గోవునకో తాబేలునకో మనకు మించిన దయ చూపినచో కలుగు నష్టము స్వల్పము. యంత్రవిషయమున మాత్రము కొంత జాగరూకత వలయును. బాధ యెఱుగని యంత్రమును మానవునిగా భావించినచో, దానిని నిర్మించి నడపువారు తమ బాధ్యతను దానిపై మోపి తప్పించుకొను నవకాశము కలదు. కావున చేర్చుటకు ప్రమాణము పోలిక కాదు, బాధ. బాధపడునది యని సందేహమున్నచో చేర్చుటయే మేలు.

మానవోత్తరవాదమని నేడు వ్యవహరింపబడు చింతన మానవుని హద్దులను దాటి చూడుమనుచున్నది. 1985లో డోనా హారవే అను అమెరికా పండితురాలు మానవ, జంతు, యంత్రముల నడుమ గోడలు కూలినవని ప్రతిపాదించెను. తెలుగు విద్యార్థి ఆ వాదమును చదువవలసినదే. కాని మానవులలోనే కొందఱిని హద్దు కవతల నిలిపిన చరిత్రతో కలిపి చదువవలయును. హిరణ్యకశిపుని జాబితాలో చోటు లేనివాడు స్తంభమున వేచియుండెను. మనము వ్రాయు ప్రతి లక్షణమునకును అట్టి స్తంభమొకటి కలదు. లక్షణము పూర్తియైనదని కలము దించుటకు ముందు దానివంక చూచుట పరిశోధకుని విధి.