మీకు తెలుసా? ఆ వణుకు మీకే తెలుసు!

పరిశోధన కోసం ఒక మనిషికి కావాలని కంగారు పుట్టించాలంటే శాస్త్రవేత్తలు ఏం చేస్తారు? పామును చూపించనక్కర్లేదు, కరెంటు షాకు ఇవ్వనక్కర్లేదు. లేచి నిలబడి మాట్లాడమంటారు. జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయం వాళ్లు 1993లో ప్రకటించిన పరీక్ష ఇది. ఫలానా ఉద్యోగానికి మీరే ఎందుకు తగినవారో పరీక్షకుల ముందు 5 నిమిషాలు చెప్పాలి. వాళ్లు నవ్వరు, తలైనా ఊపరు. ఆ తర్వాత 1022 లోంచి 13 చొప్పున తీసేస్తూ పైకి లెక్క చెప్పాలి. తప్పితే మళ్లీ మొదటికే. ఈ కాస్త తతంగానికే ఒత్తిడి హార్మోను కార్టిసాల్ రెండు నుంచి నాలుగు రెట్లు పెరిగింది. ఒత్తిడి మీద పరిశోధన చేసేవాళ్లు ఇప్పటికీ దేశదేశాల్లో ఈ పద్ధతినే వాడుతున్నారు. అంటే, మైకు ముందు కాళ్లు వణకడం మీ ఒక్కరి లోపమేం కాదు.

జనానికి చావుకంటే ఉపన్యాసమంటేనే ఎక్కువ భయమన్న మాట వినే ఉంటారు. 1973 నాటి ఒక అమెరికన్ సర్వే నుంచి వచ్చింది అది. అందులో ఎన్ని భయాలకైనా టిక్కు పెట్టొచ్చు. 2012లో ఇద్దరు పరిశోధకులు విద్యార్థులను మళ్లీ అడిగారు. ఉన్న భయాలన్నీ చెప్పమంటే ఉపన్యాసమే ముందుంది. అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే ఎంచుకోమంటే మాత్రం చావే గెలిచింది. ఎంతైనా ప్రాణం తీపి!

అడ్రినలిన్ పెరిగినప్పుడు గుండె దడదడలాడుతుంది, నోరెండుతుంది, వేళ్లు వణుకుతాయి. పల్చటి ఎ4 కాగితం పట్టుకుంటే ఆ వణుకు వెనక వరుస దాకా కనిపిస్తుంది. అదే నాలుగు మాటలు రాసుకున్న చిన్న అట్టముక్కయితే ఎవరికీ తెలియదు. పక్కన మంచినీళ్లు ఉంటే సరి.

అసలు విషయం ఇక్కడుంది. లోపల జరిగే గందరగోళమంతా మొహం మీద రాసిపెట్టి ఉందనే అనుకుంటాం. ఉండదు. అమెరికా మనస్తత్వవేత్తలు సవిట్‌స్కీ, గిలోవిచ్ 2003లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల చేత ప్రసంగాలు చేయించారు. కొందరికి ఏమీ చెప్పలేదు. కొందరికి ‘కంగారు సహజమే, దిగులు పడకండి’ అన్నారు. ఇంకొందరికి మాత్రం ‘మీరు అనుకున్నంతగా మీ కంగారు ఎదుటివాళ్లకు కనిపించదు’ అని వివరంగా చెప్పారు. ఈ మూడో జట్టే బాగా మాట్లాడింది. వాళ్లూ అలాగే అనుకున్నారు, విన్నవాళ్లూ అదే మాటన్నారు. మనం అలవాటుగా చెప్పే ‘ఏం ఫర్లేదులే, ధైర్యంగా వెళ్లు’ కన్నా ఆ ఒక్క సమాచారం ఎక్కువ పనిచేసిందన్నమాట. అంతకుముందు 2000లో గిలోవిచ్ బృందం, వేసుకోవడానికే సిగ్గుపడే బొమ్మ టీషర్టు తొడిగి కుర్రాళ్లను ఒక గదిలోకి పంపింది. గదిలో సగం మందైనా గమనించి ఉంటారని వాళ్లు బెంగపడ్డారు. గమనించింది దాదాపు పావు వంతే. ఇక తొలి వాక్యంలో మీరు తడబడ్డారని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

‘శాంతించు, శాంతించు’ అని మనసుకు చెప్పుకోవడం కన్నా ‘నాకు భలే ఉత్సాహంగా ఉంది’ అని పైకి అనడం మేలట. హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో తేల్చిన సంగతి ఇది. అలా అన్నవాళ్ల ప్రసంగాలు ఎక్కువ నమ్మకం కలిగించాయి. ఎగిరే గుండెను ఆపడం కష్టం. దానికి ఇంకో పేరు పెట్టడం తేలిక. అయితే అద్దం ముందు నడుం మీద చేతులు పెట్టి రెండు నిమిషాలు వీరుడిలా నిలబడితే హార్మోన్లు మారిపోతాయన్న చిట్కా మాత్రం నిలబడలేదు. 2010లో ఆ సంగతి ప్రకటించిన పరిశోధకుల్లో ఒకరైన డేనా కార్నీయే 2016లో దాన్ని ఇక నమ్మనని రాసేశారు. వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో ఇంకా చెబుతూనే ఉన్నారనుకోండి.

గాంధీజీ సంగతి చూడండి. 1891లో లండన్ వదిలే ముందు శాకాహారి మిత్రులకు హోబర్న్ రెస్టారెంటులో విందు ఇచ్చారు. పార్లమెంటులో మాట్లాడబోయి ఒకే మాట మూడుసార్లు అని కూలబడ్డ ఆంగ్ల రచయిత అడిసన్ మీద ఒక జోకు ఉంది. దానితో మొదలుపెడదామని బట్టీపట్టి వెళ్లారు. లేచారు. అడిసన్ లాగే ఆగిపోయారు. వచ్చినందుకు ధన్యవాదాలు చెప్పి కూర్చున్నారు. తర్వాత బొంబాయి కోర్టులో మొదటి కేసుకు లేస్తే సాక్షిని అడగడానికి ఒక్క ప్రశ్నా తోచలేదు. ఫీజు తిరిగిచ్చేశారు. అదే మనిషి 1893లో ప్రిటోరియాలో భారతీయ వర్తకులను కూర్చోబెట్టి వ్యాపారంలో నిజాయతీ గురించి మాట్లాడారు. ఆయన జీవితంలో మొదటి బహిరంగ ప్రసంగం అదే. లండన్‌లో నలుగురినీ నవ్వించాలనుకున్నారు. ప్రిటోరియాలో చెప్పి తీరాల్సిన విషయం ఉంది. నా లెక్కన తేడా అంతా అక్కడే.

ఆయన్ను అర్ధనగ్న ఫకీరని వెక్కిరించిన చర్చిల్‌కూ ఇలాంటి గండమే వచ్చింది. 1904లో కామన్స్ సభలో బట్టీపట్టిన ప్రసంగం మధ్యలో మాట మరిచిపోయి, సభ్యులకు ధన్యవాదాలు చెప్పి, తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత చేతిలో నోట్సు లేకుండా సభకు వెళ్లింది తక్కువ.

మధ్యలో తెగిన మాటను మళ్లీ అందుకోవడమూ ఒక విద్యే. మన అష్టావధానంలో అయితే ఆటంకానికే ఒక కుర్చీ వేసి కూర్చోబెడతారు. ప్రశ్నలు వేసే ఎనిమిది మంది పృచ్ఛకుల్లో అప్రస్తుత ప్రసంగి ఒకరు. అవధాని పద్యం అల్లుతుంటే సంబంధం లేని ప్రశ్నలు విసరడమే ఆయన పని. చమత్కారంగా జవాబిచ్చి, విడిచిన చోటు నుంచే పద్యం అందుకోవాలి. ఈ కిటుకు ఎవరైనా అరువు తెచ్చుకోవచ్చు. నిశ్శబ్దంగా గది తలుపేసుకుని కాకుండా, ఇంట్లో ఒకరిని మధ్యమధ్య అడ్డొచ్చే ప్రశ్నలు వేయమని చెప్పి సాధన చేయండి. చిన్నపిల్లలున్న ఇల్లయితే చెప్పనక్కర్లేదు కూడా.