కంట్లో మందుల ముగ్గు

గుండె లయ తప్పినవారికి ఇచ్చే అమియోడరోన్‌ మాత్రలు నెలల తరబడి వాడితే నల్లగుడ్డు మీది పారదర్శక పొరలో (కార్నియా) గోధుమరంగు గీతలు సుడి తిరిగిన ముగ్గులా పరుచుకుంటాయి. అద్దంలో కనపడవు. కళ్ల డాక్టరు గడ్డం ఆనించమని కూర్చోబెట్టే స్లిట్‌ల్యాంప్‌లో మాత్రం ఇట్టే తెలిసిపోతాయి. సన్నటి వెలుగు చీలికను కంట్లోకి పంపి మైక్రోస్కోపుతో చూసే యంత్రమది. ఈ ముగ్గుతో చూపుకు సాధారణంగా ఢోకా ఉండదు. మందు ఆపితే మెల్లగా చెరిగిపోతుంది. అలాగని సొంతంగా ఆపేయకండి, అది గుండె మందు!

స్టెరాయిడ్లు అంత మెతక కాదు. దీర్ఘకాలం వాడితే కంటి కటకం వెనకవైపు శుక్లం రావచ్చు. దాన్ని ఆపరేషన్‌తో తీసేస్తారు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటే మాత్రం పోయిన చూపు తిరిగి రాదు. దురదకని మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లోనూ స్టెరాయిడ్‌ ఉండొచ్చు.

కీళ్లవాతానికి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్‌ దెబ్బ తగిలేది రెటీనాకి. అక్కడ ఓసీటీ స్కాన్‌ కావాలి. అందుకే వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. ఏ యంత్రం ముందు కూర్చోబెట్టాలో డాక్టరుకు దాన్నిబట్టే తెలుస్తుంది.