పాటలో ‘నేను’ అంటే పాడేవాడేనా? సీడీలు ధ్వంసమైన స్లేయర్ వివాదం.. మన రామదాసు చెప్పే జవాబు!

ఫోన్‌లో 30 సెకన్ల క్లిప్. చెవులు చిల్లులు పడేలా గిటార్లు, గొంతు చించుకునే అరుపులు. పైన ‘జిహాద్’ అని టైటిల్. చూడగానే ఒళ్లు మండటం సహజమే. అమెరికా హెవీ మెటల్ బ్యాండ్ స్లేయర్ 2006లో విడుదల చేసిన ఈ పాట పెద్ద దుమారమే రేపింది.

అసలు పాటలో ఏముంది?

2001 సెప్టెంబర్ 11న అమెరికాపై విమానాలతో దాడి చేసిన వాళ్లలో ఒకడు మాట్లాడుతున్నట్టు పాట సాగుతుంది. అంటే గొంతు గాయకుడిది, మాటలు హంతకుడివి. ఉగ్రవాదిని మెచ్చుకుంటున్నారా అని విమర్శలొచ్చాయి. వాడి బుర్రలో ఏముందో చూపించామే తప్ప సమర్థించలేదన్నది బ్యాండ్ వాదన.

మన దేశంలో ఏం జరిగింది?

ఈ పాట ఉన్న ఆల్బమ్ ‘క్రైస్ట్ ఇల్యూజన్’. దాని కవర్‌పై క్రీస్తును చేతులు తెగిపోయినట్టు బొమ్మ వేశారు. అది క్రైస్తవుల మనసు నొప్పించింది. ముంబైలోని క్యాథలిక్ సెక్యులర్ ఫోరం అభ్యంతరం చెప్పింది. దాంతో ఈఎంఐ ఇండియా ఆల్బమ్‌ను వెనక్కి తీసుకుని, అక్టోబర్‌లో స్టాకంతా ధ్వంసం చేసింది. విచిత్రం ఏంటంటే.. కొన్ని నెలలకే, 2007 ఫిబ్రవరిలో, అదే ఆల్బమ్‌లోని మరో పాటకు గ్రామీ అవార్డు వచ్చింది!

భద్రాచలానికి ఏంటి సంబంధం?

ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న.. మన రామదాసు. భద్రాద్రి గుడి కోసం సర్కారు సొమ్ము ఖర్చు చేశాడని తానీషా గోల్కొండలో ఖైదు చేయించాడు. ఆ బాధలో పుట్టిందే ‘ఇక్ష్వాకు కుల తిలక’ కీర్తన. చేయించిన నగలన్నీ లెక్కచెప్పి రాముణ్నే తిట్టిపోస్తాడు. తిట్టు ముక్క ఒక్కటే కోసి రీల్ చేస్తే దైవదూషణే! కానీ తిట్టినందుకు నొచ్చుకోవద్దని అదే పాటలో వేడుకుంటాడు. ఆ కథ తెలుసు కాబట్టే భక్తులు ఇప్పటికీ కళ్లు చెమర్చి పాడుకుంటారు.

రెండూ ఒకటే అని కాదు. రామదాసుది సొంత బాధ, స్లేయర్‌ది అరువు గొంతు. నచ్చకపోతే కాదనే హక్కు అందరికీ ఉంది. కానీ ఎవరి మాటల్ని, ఎందుకు పాడుతున్నారో తెలియకుండా తీర్పు చెప్పలేం. 2006లో సీడీలు దొరక్కుండా చేశారు. ఇప్పుడు క్లిప్ నేరుగా జేబులోకే వస్తోంది. ఫార్వర్డ్ కొట్టే ముందు పాట మొత్తం ఒకసారి వినండి!