ఆవకాయ అమ్ముతున్నారా? రిజిస్ట్రేషన్ సంగతి చూసుకోండి!

“ఇంట్లో పెట్టి అమ్ముకునే ఆవకాయకి పన్నేమిటండీ!” అని చాలామంది గృహిణులు కొట్టిపారేస్తుంటారు. కొంతవరకు నిజమే. పాత అమ్మకం పన్ను పోయి 2017 జూలై 1 నుంచి జి.ఎస్.టి. వచ్చింది. సరుకులు మాత్రమే అమ్మేవారికి ఏడాది అమ్మకాలు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షల రూపాయలు దాటేవరకు మామూలుగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇది లాభం లెక్క కాదు, మొత్తం అమ్మకాల లెక్క సుమా!

అయితే ఒక చిక్కుంది. గుంటూరు నుంచి హైదరాబాదులో ఉన్న అమ్మాయికి జాడీడు ఆవకాయ ఊరికే పంపితే ఫరవాలేదు. అదే అక్కడివాళ్ళకి అమ్మితే పొరుగు రాష్ట్రపు అమ్మకమే! 2014లో రాష్ట్రం రెండయింది కదా. అప్పుడు పై పరిమితి వర్తించదు. ఎంత చిన్న వ్యాపారమైనా రిజిస్టరు చేయించుకోవాల్సిందే. లేకపోతే కనీసం 10,000 రూపాయల జరిమానా పడవచ్చు.

దరఖాస్తు జి.ఎస్.టి. పోర్టల్‌లోనే పెట్టుకోవచ్చు. ప్రభుత్వానికి ఫీజేమీ కట్టనక్కర్లేదు. పాన్, ఆధార్, ఫొటో, బ్యాంకు పాస్‌బుక్కు, కరెంటు బిల్లు దగ్గర ఉంచుకోండి. ఇల్లు మీవారి పేరనో, మామగారి పేరనో ఉంటే వారి అంగీకార పత్రం కూడా జతచేయాలి.

నంబరు వచ్చిందని నిశ్చింతగా కూర్చోకండి. అమ్మకాలు లేకపోయినా గడువులోగా రిటర్ను వేయాలి. మరి, ఈ వేసవి జాడీలతోపాటు ఓ లెక్కల పుస్తకమూ కొంటారు కదూ!