పలకంత జాగాలో ఆట

పిల్లలూ! ఇది సుమారు ముప్ఫయ్యేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను అనంతపురం జిల్లాలో ఒక హైస్కూల్లో లెక్కల మాస్టరుగా ఉండేవాణ్ణి. ఒకనాడు తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు సంచిలో ఏదో దాచుకుని బడికి వచ్చాడు. తీయించి చూస్తే అది టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేము పెట్టె. వాడు దాని మరలు ఊడదీసి, మూత తెరిచి, లోపలి ఆకుపచ్చ బిళ్ళను తోటివాళ్ళకు చూపిస్తున్నాడు.

"ఏమిట్రా ఇది?" అన్నాను.

"సార్, ఇందులో ఆట యాడుంది సార్? ఎంత ఎతికినా కనపడల్యా. దీన్ని ఎవురు చేస్తారు? మనం చేయలేమా?" అన్నాడు వాడు.

"అవన్నీ మన వల్ల అయ్యేవి కావు. ముందు లెక్కలు చూసుకో!" అని గదిమి, పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశాను. వేసవి సెలవులిచ్చే రోజున పిలిచి తిరిగి ఇచ్చాను. వాడు పెట్టె తీసుకున్నాడు గాని, ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. ఆ సంవత్సరమంతా క్లాసులో ఇంకే ప్రశ్నా అడగలేదు.

నిజం చెప్పాలంటే, ఆ ప్రశ్నకు జవాబు నాకూ తెలియదు. తెలియదని ఒప్పుకోవటానికి సిగ్గుపడి గదిమాను. ఇప్పుడు నేను రిటైరై ఇంట్లో ఉంటున్నాను. మొన్న వేసవిలో నా మనవరాలు సరిగ్గా అదే ప్రశ్న అడిగింది. ఈసారి మాత్రం, "నాకు తెలియదమ్మా, ఇద్దరం కలిసి తెలుసుకుందాం," అన్నాను. అలా తెలుసుకున్నది మీకూ చెబుతాను.

పుస్తకమూ, పలకా

మీరు బడికి పుస్తకం తీసుకుపోతారు. చిన్నప్పుడు పలక కూడా తీసుకుపోయి ఉంటారు. పుస్తకంలో ఉన్నది చదవటమే గాని చెరపటం ఉండదు. పలక మీద రాయవచ్చు, చెరపవచ్చు, మళ్ళీ రాయవచ్చు.

ఆటపెట్టెకు కూడా ఈ రెండూ ఉంటాయి. పెట్టెలో గుచ్చే కార్ట్రిడ్జి పుస్తకం వంటిది. ఆట ఎలా నడవాలో, బొమ్మలు ఎలా ఉండాలో అందులో అంకెల రూపంలో రాసి ఉంటుంది. లోపల ఉన్న కొద్దిపాటి మెమరీ పలక వంటిది. ఆటగాడు ఎక్కడున్నాడు, ఎన్ని మార్కులు వచ్చాయి అనే సంగతులు దాని మీద రాసుకుంటూ, చెరుపుకుంటూ ఉండాలి. ఈ పుస్తకాన్ని చదివి చెప్పింది చెప్పినట్టు చేసే పిల్లవాడి పేరు ప్రాసెసర్. వాడికి సొంత తెలివి బొత్తిగా లేదు, వేగం మాత్రం చాలా ఉన్నది.

1990లలో మన ఊళ్ళల్లో అమ్మిన ఆటపెట్టెలు చాలావరకు 1983లో జపానులో నింటెండో వారు తెచ్చిన ఫ్యామికామ్‌కు నకళ్ళు. ఫ్యామికామ్‌లో ఆ పలక పరిమాణం 2,048 బైట్లు. ఒక బైటు అంటే 0 నుంచి 255 దాకా ఏదో ఒక అంకె పట్టే జాగా. ఇది చాలా తక్కువనుకుంటున్నారా? దానికన్నా ముందటి పెట్టె సంగతి వినండి.

1977లో అమెరికాలో అటారి అనే కంపెనీ ఒక ఆటపెట్టెను అమ్మకానికి పెట్టింది. తరవాత దానికి అటారి 2600 అని పేరు వచ్చింది. సుమారు 3 కోట్ల పెట్టెలు అమ్ముడుపోయాయి. దాని పలక ఎంతో తెలుసా? 128 బైట్లు! ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చొప్పున రాస్తే 128 అక్షరాలకే నిండిపోతుంది. పుస్తకంలోనైనా ఒక్కసారిగా చదవదగినవి 4,096 బైట్లే. ఈనాడు ఫోనుతో తీసిన ఒక్క ఫోటోకు తరచు ఇరవై లక్షల బైట్లకు పైగా కావాలి.

ఇప్పుడొక లెక్క చేద్దాం. ఆ పెట్టె టీవీ మీద అడ్డంగా 160, నిలువుగా 192 చుక్కలు వేయగలదు. మొత్తం 30,720 చుక్కలు. ఒక్కొక్క చుక్క వెలగాలా వద్దా అన్నది మాత్రమే రాసుకున్నా 3,840 బైట్లు కావాలి. పలకలో ఉన్నవి 128. మరి బొమ్మను ఎక్కడ దాచుకుంటుంది?

ఎక్కడా దాచుకోదు! అదే అందులోని విశేషం.

గొర్రు వెంట నడక

పాతకాలపు లావుపాటి టీవీలో ఒక కిరణం తెర మీద ఎడమ నుంచి కుడికి గీత గీస్తుంది. వెంటనే ఎడమకు వచ్చి, దాని కింద మరొక గీత గీస్తుంది. ఇలా పైనుంచి కిందికి గీతలన్నీ గీసి మళ్ళీ పైకి పోతుంది. అమెరికా టీవీలో ఈ పని సెకనుకు 60 సార్లు జరుగుతుంది.

మన జిల్లాలో వేరుసెనగ విత్తటం చూశారు గదా? ఎద్దులు గొర్రు లాగుతుంటే, వెనక ఒక అమ్మ నడుస్తూ జడ్డిగంలో విత్తనాలు వేస్తూ ఉంటుంది. ఎద్దులు ఆమె కోసం ఆగవు. చెయ్యి ఆలస్యమైతే ఆ సాలు అంతమేర ఖాళీగా పోతుంది. ఎద్దులు గెనిమ దగ్గర మళ్ళుకునే లోపల ఆమె ఒడిలోకి మళ్ళీ విత్తనాలు నింపుకోవాలి.

అటారి పెట్టెకు ఆట రాసేవాడి పని సరిగ్గా ఇదే. టీవీ కిరణం ఎద్దులవలె నడుస్తూనే ఉంటుంది. అది ఏ గీత మీద ఉంటే ఆ గీతకు కావలసిన రంగూ, బొమ్మ ముక్కా ఆ క్షణానికే అందించాలి. ఒక గీత పూర్తయ్యే లోపల ప్రాసెసర్‌కు దొరికేది 76 అంగల సేపు. అతి చిన్న పనికైనా రెండంగలు పడుతుంది. అంటే ఒక గీతలో 38 పనులకు మించి చేయలేదు. మొత్తం 262 గీతలలో బొమ్మ కనిపించేవి 192. మిగిలిన 70 గీతల సేపు ఎద్దులు మళ్ళుకునే సమయం వంటిది. లెక్కలు, మార్కులు అన్నీ ఆ సందులో చూసుకోవాలి.

చింతపిక్కల నది

1982లో కేరల్ షా అనే ఆమె ఈ పెట్టెకు "రివర్ రెయిడ్" అనే ఆట తయారుచేసింది. అందులో ఒక విమానం నది మీద ఎగురుతూ పోతుంది. నది వంకరలు తిరుగుతూ, లంకలతో ఎంతో దూరం సాగుతుంది. అంత పొడుగు నది 4,096 బైట్ల పుస్తకంలో ఎలా పట్టింది? ఆమె నదిని రాయలేదు. నదిని పుట్టించే సూత్రాన్ని రాసింది.

అటువంటి సూత్రం ఒకటి మీరే చేసి చూడవచ్చు. కొన్ని చింతపిక్కలు తెచ్చి, ఒకవైపు గరుకు రాతి మీద తెల్లగా అరగదీయండి. నాలుగు పిక్కలను వరసగా పెట్టండి. ఎడమ చివరిది తెలుపు, మిగిలిన మూడూ నలుపు. ఇప్పుడు కుడి చివర ఉన్న రెండు పిక్కలను చూడండి. రెండూ ఒకే రంగైతే ఒక నల్ల పిక్కను, వేరు వేరు రంగులైతే ఒక తెల్ల పిక్కను ఎడమ చివర చేర్చండి. కుడి చివరి పిక్కను తీసేయండి. ఇలాగే చేస్తూ పోయి, ప్రతి వరసనూ కాగితం మీద రాసుకోండి. వరసగా 15 రకాల వరసలు వచ్చి, పదిహేనో ఎత్తుకు మొదటి వరస తిరిగి వస్తుంది. ఒక్కటీ మధ్యలో రెండోసారి రాదు. నాలుగు పిక్కలకు బదులు పదహారు పెట్టుకుని, తగిన సూత్రం వాడితే 65,535 వరసలు వస్తాయి. నది వంకరలకు అవి చాలవూ!

ఇంటి తయారీ ఆటలు

1992 ఆరంభంతో అటారి 2600 తయారీ నిలిచిపోయింది. కాని దాన్ని ప్రేమించేవాళ్ళు ఊరుకోలేదు. కంపెనీలతో నిమిత్తం లేకుండా ఇంట్లో కూచుని, తీరిక వేళల్లో తామే కొత్త ఆటలు రాయసాగారు. వీటిని ఇంటి తయారీ ఆటలు అంటారు. 1995లో ఎడ్ ఫెడర్‌మేయర్ అనే ఆయన, పై నుంచి ముక్కలు పడే టెట్రిస్ ఆట వంటిదాన్ని "ఎడ్‌ట్రిస్" అనే పేరుతో ఈ పెట్టెకు రాశాడు. ఇలాంటి ఆటల్లో ఇదే మొదటిదని చెబుతారు.

ఎడ్ ఫ్రైస్ అనే ఆయన మైక్రోసాఫ్ట్ కంపెనీలో ఆటల విభాగానికి ఉపాధ్యక్షుడుగా పనిచేశాడు. ఆ కంపెనీ 2001లో తెచ్చిన "హేలో" చాలా పెద్ద ఆట. ఉద్యోగం వదిలిన తరవాత ఆయన అదే కథను 4,096 బైట్లలో కుదించి, 2010లో "హేలో 2600" తయారుచేశాడు. 2013లో అమెరికాలోని స్మిత్సోనియన్ కళా ప్రదర్శనశాల దాన్ని తన సేకరణలో చేర్చుకున్నది.

మా కడవ ఆట

నేనూ, నా మనవరాలూ కూడా ఒక ఆట మొదలుపెట్టాం. మా దగ్గర అటారి పెట్టె లేదు. దానిలాగే నడిచే "స్టెల్లా" అనే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని మా పాత కంప్యూటర్‌లో పెట్టుకున్నాం.

మా ఆట ఇది: ఆకాశం నుంచి ఒక్క చినుకు పడుతుంది. దాన్ని కడవతో పట్టుకోవాలి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే మా ప్రాంతానికి ఇంతకన్నా తగిన ఆట ఏముంటుంది?

కడవ బొమ్మను లెక్కల నోట్‌బుక్‌లో గీశాం. అడ్డంగా ఎనిమిది గళ్ళు. వాటి విలువలు ఎడమ నుంచి 128, 64, 32, 16, 8, 4, 2, 1. కడవ మెడ దగ్గర నడుమ నాలుగు గళ్ళు నింపాం. 32, 16, 8, 4 కలిపితే 60. ఆ వరసకు పుస్తకంలో రాయవలసిన అంకె అదే. ఇలా కడవంతా తొమ్మిది అంకెలయింది.

ఆట నడిచింది గాని, కడవను జరిపినప్పుడల్లా బొమ్మ అంతా ఎగిరిపడేది. రెండు రోజులు తల పట్టుకున్నాను. మూడోనాడు మనవరాలే కనిపెట్టింది. "తాతా, కడవ జరిపే లెక్క నువ్వు గీత మధ్యలో చేస్తున్నావు. 76 అంగలు దాటిపోయి, ఒక గీత ఎక్కువ పడుతున్నది. ఎద్దులు మళ్ళుకునేప్పుడు చేయాల!" అన్నది. ఆ లెక్కను అక్కడికి మార్చాం. బొమ్మ కదలకుండా నిలిచింది. ఆ సాయంత్రం మేము పట్టిన చినుకులు పదకొండు.

ఇంకొక సంగతి. మా ఇంట్లో కూరగాయలు కడిగిన నీళ్ళు పారబోయరు. అవి కరివేపాకు చెట్టుకు పోతాయి. ఈ ఆటలు రాసేవాళ్ళూ అంతే. ఒక బైటులో మార్కులు లెక్కపెట్టే పని కాగానే, అదే బైటును చప్పుడు పుట్టించటానికి వాడుకుంటారు. కరువు మంచిదని నేననను. నీళ్ళ కోసం బిందెలతో నిలబడినవాళ్ళెవరూ ఆ మాట అనరు. కాని కొంచెంతో గడుపుకోవటం కూడా ఒక విద్యేనని మా ఊరి అమ్మలకు తెలుసు. అది ఈ పనికి బాగా పనికివస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. గంటలకొద్దీ ఆటలాడటం మంచిది కాదని మీరనేది నిజమే. కాని పిల్లవాడు ఆట ఆపి, "ఇది ఎలా నడుస్తుంది?" అని అడిగినప్పుడు పెట్టెకు తాళం వేయకండి. మీకు తెలియకపోతే తెలియదని చెప్పండి. అందులో చిన్నతనం ఏమీ లేదని తెలుసుకోవటానికి నాకు ముప్ఫయ్యేళ్ళు పట్టింది.

ఆనాటి కుర్రవాడు ఇప్పుడెక్కడ ఉన్నాడో, ఏం చేస్తున్నాడో నాకు తెలియదు. వాడి పిల్లలు ఈ పత్రిక చదివేవాళ్ళయి ఉండవచ్చు. నాయనా, ఆట పుస్తకంలో ఉన్నది, పలక మీద నడుస్తున్నది. దాన్ని మనబోటి మనుషులే చేస్తారు. మనమూ చేయగలం. నీ ప్రశ్నకు నేను బాకీపడిన జవాబు ఇదే.