తెగిన నరము మరల మొలచునా?

కత్తిపీటతో గాని గాజుపెంకుతో గాని చేయి తెగి, గాయము మానిన పిదపను వ్రేలికొన మొద్దువాఱి యుండుట మన యిండ్లలో నపూర్వము గాదు. "నరము తెగినది, ఇక నింతే" యని పెద్దలు తేల్చివేయుదురు. సోదరీమణులారా, మేమీ మాట నంగీకరింపజాలము.

నరమను మాట మన వాడుకలో రక్తనాళమునకును చెల్లుచున్నది. మేమిచట జెప్పునది స్పర్శను మెదడునకు గొనిపోయి, దాని యాజ్ఞను కండరమునకు దెచ్చు నరమును గూర్చి. అది తెగినచో నావలి భాగములోని తంతువులు నశించునని 1850లో అగస్టస్ వాలర్ అను నాంగ్లేయుడు కప్ప నాలుక నరములను గోసి చూచి తెలిపెను. అయినను వాని దారి మిగిలియుండును. శస్త్రవైద్యుడు కొనలను గలిపి కుట్టినచో, క్రొత్త తంతువులా దారినే ప్రాకును. కాని దినమునకు సుమారొక మిల్లీమీటరే! మణికట్టు నుండి వ్రేలికొన చేరుటకు నెలలు పట్టును. మోచేతికి పైన తెగినచో నేడాది దాటును. అంతలో పనిలేని కండరము కృశించిపోవును. తొందర యంతయు నిందులకే.

కెనడాలో టెస్సా గార్డన్ అను విదుషీమణియు నామె తోడివారును ఎలుకల తొడనరమును గోసి కుట్టి, సెకనునకు 20 మారుల చొప్పున స్వల్పవిద్యుత్తును బంపిరి. 2000లో వారు ప్రకటించిన ఫలము మాకు మిక్కిలి వింతగా తోచినది. ఒక గంట పంపినను, రెండు వారములు పంపినను మేలొక్కటియే. గంటతో తీరుదానికి పక్షము బాధింపనేల? తంతువుల నడక వడి హెచ్చలేదు. కుట్టిన చోటు దాటజాలక తడయు తంతువులు మాత్రము త్వరగా దాటినవి. 2010లో మణికట్టు కడ నొక్కబడిన నరమునకు శస్త్రము చేయించుకొన్న మనుష్యులయందును నీ గంటసేపటి చికిత్స గుణమిచ్చినది.

ఇది శస్త్రము జరిగిన వెంటనే వైద్యులు నరము కడనే తీగ నుంచి చేయునది. అన్ని వైద్యశాలలలో నింకను లేదు. బజారులో నమ్ము కరెంటు పెట్టెలకును దీనికిని బోలిక లేదు.

ఇంట జేయదగినది వేఱు. వైద్యుడు చెప్పిన నాటినుండి కీళ్లు బిగియకుండ వ్రేళ్లను మెల్లగా వంచి చాపుచుండవలయును. స్పర్శ తిరిగి వచ్చునపుడు బియ్యము, దూది, గరుకుబట్ట మున్నగువానిని మొదట చూచుచు, పిదప కన్నులు మూసికొని ముట్టి గుర్తింపవలయును. మెదడు మరల నోనమాలు దిద్దుకొనవలసినదే. అందాక పొయ్యిమీది గిన్నెను మొద్దుచేతితో దింపరాదు. బొబ్బ యెక్కిన పిదప గాని కాలినట్లు తెలియదు.