అక్షరమే చిత్రము: సిస్టర్ కొరీటా

చిత్రమునందు అక్షరమునకు స్థానమెంత? చిత్రకారుడు మూలలో చేయు సంతకము వరకేనని పలువురి అభిప్రాయము. అక్షరమునే చిత్రవస్తువుగా గైకొని, ఆ పనిని కన్యాస్త్రీల మఠమున నుండి సాధించిన కళావిదుషి సిస్టర్ మేరీ కొరీటా. ఆమె చరిత్ర చిత్రకారులకంటె రచయితలకే ఎక్కువ ఉపకరించునేమో.

కొరీటా పూర్వనామము ఫ్రాన్సెస్ ఎలిజబెత్ కెంట్. 1918 నవంబరు 20వ తేదీన అమెరికాలోని అయోవా రాష్ట్రమున ఫోర్ట్ డాడ్జ్ పట్టణమున జన్మించెను. లాస్ ఏంజెలెస్ నగరమున పెరిగెను. 1936లో మరియమాత నిర్మల హృదయము పేర వెలసిన కథోలిక మఠమున ప్రవేశించెను. 1947 నుండి ఆ మఠమువారి ఇమ్మాక్యులేట్ హార్ట్ కళాశాలలో చిత్రకళ బోధించుచు, 1951లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున కళాచరిత్రలో ఎం.ఏ. పట్టమందెను.

ఆమెకు పేరు తెచ్చినది స్క్రీన్ ముద్రణ. చట్రమునకు పట్టుగుడ్డ బిగించి, రంగు దిగరాని భాగములను మూసివేసి, పైనుండి రబ్బరు పలకతో రంగు నొత్తుదురు. తెరచియున్నచోటనే రంగు క్రింది కాగితమున కంటును. ఎన్ని రంగులో అన్ని మారులు ఈ పని జరుగవలెను. మన శుభలేఖలకును, గుడ్డ బ్యానర్లకును వాడుక పడినది ఈ పద్ధతియే. మెక్సికో చిత్రకారుడు ఆల్ఫ్రెడో రామోస్ మార్టినెజ్ భార్య మరియా ఆమెకు ఈ విద్యలో మెలకువలు నేర్పెను. ఒక తెరపై ఎన్నియో ప్రతులు తీయవచ్చును గనుక చిత్రము స్వల్పమూల్యమునకు సామాన్యుని యింటికి చేరును. కొరీటా ఈ ప్రక్రియను విడువకుండుటకు ముఖ్యకారణమిదియే. కళాశాల పనులు తెమలిన వేసవి విరామముననే ఏడాది చిత్రములను అచ్చొత్తెడిది.

1962లో లాస్ ఏంజెలెస్ ఫెరస్ గ్యాలరీలో ఆండీ వార్హోల్ సూపు డబ్బాల చిత్రములను ప్రదర్శించెను. కొరీటా వానిని చూచెను. అంగడి సరకుల పొట్లములపై అచ్చైన మాటలు ఆమె చిత్రములలోనికి వచ్చినది అటుపిమ్మటనే. వండర్ బ్రెడ్ అను రొట్టె పొట్లముపైని రంగుల చుక్కలు ఆమె చేతిలో దివ్యసత్ప్రసాదపు అప్పములైనవి. పత్రికలలోని ప్రకటనను నలిపి, మడిచి, ఫొటో తీసి, ఆ వంకరలతోనే అక్షరములను తెరకెక్కించెడిది. వార్హోల్ డబ్బాను డబ్బాగానే నిలిపెను. కొరీటా దానినుండి ప్రార్థన పిండెను. భేదమిచ్చటనే యున్నది.

1964లో టమాటా డబ్బాల ప్రకటనలోని విశేషణమును మరియమాతకు అన్వయించి ఒక చిత్రము వేయగా గగ్గోలు పుట్టెను. లాస్ ఏంజెలెస్ కార్డినల్ జేమ్స్ ఫ్రాన్సిస్ మెకింటైర్‌కు ఈ ధోరణి ఎన్నడును రుచింపలేదు. మన దేశమున ఆంజెలో ద ఫొన్సెకా మరియమ్మను చీరకట్టుతో చిత్రించినపుడును ఇట్టి ఆగ్రహమే కలిగెను. అన్నమాచార్యులు దంపుళ్ల పాటల బాణీలను, జోలలను వేంకటేశ్వరునికి సమర్పించెనని యెఱిగిన తెలుగువారికి ఇందులో అపచారము కనబడదు. వాడుక మాటయందు దైవమును వెదకుట భక్తులకు క్రొత్త కాదు. 1962-65 నడుమ జరిగిన రెండవ వాటికన్ మహాసభ పూజయందు దేశభాషల కనుమతి నిచ్చినది కూడ ఈ దారినే.

బోధనలో ఆమె కఠినురాలు. ఒక అట్టముక్కలో చిన్న కిటికీ కత్తిరించి విద్యార్థినుల చేతికిచ్చి, పెట్రోలు బంకులకును, అంగళ్లకును తోడ్కొని పోయెడిది. కిటికీలోనుండి చూచునపుడు బోర్డుపైని పదము అర్థమును వదలి గీతలుగా, రంగులుగా మిగులును. కొంతసేపటికి క్రొత్త అర్థముతో మరలివచ్చును. ఈ అభ్యాసము కవికిని అవసరమే. చార్లెస్ ఈమ్స్, బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్, జాన్ కేజ్ వంటివారు ఆ తరగతికి వచ్చి ప్రసంగించిరి. విద్యార్థుల కొరకు ఆమె కూర్చిన పది నియమములను లోకము నేటికిని కేజ్ రచనగా పొరబడుచుండును. తుది నియమమున ఆయన మాట యొకటి యుండుటయే యిందుకు హేతువు.

1967 డిసెంబరు 25 నాటి న్యూస్‌వీక్ ముఖచిత్రమున ఆమె కనబడెను. మరుసటి యేడే, ముప్పది రెండు సంవత్సరముల మఠజీవితమును వీడి బోస్టన్ చేరెను. కార్డినల్ వ్యతిరేకత ఒక కారణము. ఎడతెగని బోధన, పర్యటనలు, నిద్రలేమి మరియొకటి. ఈ రెండవదానిని జీవితకథలు తేలికగా దాటిపోవుచున్నవి. 1970లో మూడువందలమందికి పైగా సోదరీమణులు కార్డినల్ ఆంక్షలకు లోబడక మఠవ్రతములను విడిచి, గృహస్థులకును తావుగల సమాజముగా ఏర్పడిరి.

1971లో బోస్టన్ గ్యాసు కంపెనీ వారి బృహత్తర నిల్వతొట్టిపై ఆమె ఇంద్రధనుస్సు వెలసెను. 1985లో ఆమె చిత్రించిన ఇరువది రెండు సెంట్ల ప్రేమ తపాలాబిళ్ల డెబ్బది కోట్లకు పైగా అమ్ముడుపోయెను. ఐక్యరాజ్యసమితిలో దానిని ఆవిష్కరింపవలెనని ఆమె కోరిక. తపాలాశాఖ వారు ఒక టెలివిజన్ ధారావాహిక సెట్టులో ఆ పని ముగించిరి. కొరీటా వెళ్లలేదు, ప్రేమ కఠోర పరిశ్రమయను భావముతో ఆ యేడే వేరొక చిత్రమచ్చొత్తెను. 1986 సెప్టెంబరు 18న కాన్సరు వ్యాధితో కన్నుమూసెను. తన వద్దనున్న చిత్రములను పూర్వపు సోదరీమణుల సమాజమునకే వ్రాసియిచ్చెను.

లాస్ ఏంజెలెస్ ఫ్రాంక్లిన్ వీథిలో ఆమె పనిచేసిన గదిని ఇటీవల కార్లు నిలుపు తావు కొరకు కూల్చదలచిరి. 2021లో నగరపాలకులు దానిని చారిత్రక కట్టడముగా ప్రకటించి కాపాడిరి.